జీవబ్రహ్మముల నడిమి గీత

మా తాతగారు శిష్యులకు వేదాంతపాఠము చెప్పుటకై వ్రాసికొనిన నోటుపుస్తకములు నాలుగు నా వంతునకు వచ్చినవి. ఒక పుస్తకపు అంచును చెదలు తినినవి. సిరా నలుపు పోయి గోధుమవన్నెకు తిరిగినది. అయినను అక్షరము చెడలేదు. ఉద్యోగము నుండి విరమించిన పిమ్మట వానిని కంప్యూటరులోనికి ఎక్కించి, మా కుటుంబములోని వారికిని, ఆయన శిష్యుల సంతతివారికిని అందజేయవలెనని సంకల్పించి, ప్రతిదినము ఉదయము రెండు గంటలు టైపు చేయుచు వచ్చితిని. ఆయన దస్తూరి నాకు చిన్ననాటినుండి పరిచితము కనుక గుణింతముగాని, ఒత్తుగాని, శకటరేఫముగాని నా చేతిని ఆపలేదు. ఆపినది ఒక అడ్డగీత. మూడవ పుస్తకములో ఒక పుట నడుమ, "జీవ" అను మాటకును "బ్రహ్మ" అను మాటకును మధ్య ఆయన కలముతో ఒక గీత గీసియున్నారు. దానిని టైపు చేయుటకు కీబోర్డుమీద చేయి చాచితిని. ఏ గీత అని తోచక వెనుకకు తీసికొంటిని.

అడ్డగీత అడ్డగీతయే కదా, అందులో ఏదియేమని అడుగువారు కలరు. అచ్చుపనిలో ఆరితేరినవారు అట్లు అనరు. వారు మూడు గీతలను వేరువేరుగా ఎరుగుదురు. అన్నిటికంటె పొట్టిది హైఫన్: అది రెండు మాటలను ఒక్కటిగా కట్టును, పంక్తి చివర విరిగిన మాట క్రింది పంక్తిలో కొనసాగుచున్నదని తెలుపును. దానికంటె కొంత నిడివి గలది ఎన్ డాష్: అది ఒక అవధి మొదలు మరియొక అవధివరకు గల వ్యాప్తిని తెలుపును, సమానస్థాయి గల రెండింటి నడుమ సంబంధమును చూపును. మిక్కిలి నిడుపైనది ఎమ్ డాష్: అది నడచుచున్న వాక్యమును ఒకచోట విరిచి, నిలిపి, మరియొక దారిని అందించును. ఎమ్ అనగా పూర్వాచారమునుబట్టి అచ్చక్షరపు ప్రమాణమునకు సరియైన వెడల్పు. పన్నెండు పాయింట్ల అక్షరములో అది పన్నెండు పాయింట్లు, ఎన్ అందులో సగము. మాత్రలు లెక్కించుటకు అలవడిన చెవికి ఇందులో వింత ఏమియు కనబడదు. ఒకటి హ్రస్వము, మరియొకటి దీర్ఘము. వాజసనేయి ప్రాతిశాఖ్యము, సమాసమును విడదీసి పఠించునపుడు నడుమ నిలువవలసిన కాలము హ్రస్వస్వరకాలముతో సమానమని విధించినది. ధ్వని లేని కాలమునకు కొలత ఏర్పరచిన ఆ ఋషులును, అక్షరము లేని చోటునకు కొలత ఏర్పరచిన ఈ శిల్పులును ఒకరినొకరు ఎరుగరు. అయినను ఇరువురు శ్రద్ధతో కొలిచినది ఒక్కదానినే.

ఇంత భేదము ఉండియు మన చేతిక్రింద గీత ఒక్కటియే మిగిలినది. ఇంగ్లీషు టైపురైటరులో ప్రతి అక్షరమునకును ఒకే వెడల్పు. నిడుపుగీతకు అందు చోటు లేదు. కావున టైపిస్టులు పొట్టిగీతనే రెండుమారులు కొట్టి నిడుపుగీత అనిపించిరి. వ్యవకలనచిహ్నమునకు కూడ దానినే వాడిరి. 1963లో కంప్యూటర్ల కొరకు ఆస్కీ అను సంకేతపట్టిక ఏర్పడినపుడు, ఆ దారిద్ర్యమే శాసనమైనది. ఆ పట్టికలో ఉన్నవి 128 స్థానములు మాత్రమే. అందు 45వ సంఖ్య హైఫన్‌కును మైనస్‌కును ఉమ్మడిగా ఈయబడినది. తరువాత యూనికోడ్ వచ్చి హైఫన్‌కు, ఎన్ డాష్‌కు, ఎమ్ డాష్‌కు, వ్యవకలనచిహ్నమునకు వేరువేరు స్థానములు కల్పించినది; పాత ఉమ్మడి గీతకు మాత్రము "హైఫన్-మైనస్" అను జంటపేరు అట్లే నిలిచినది. కోశమున భేదము పునరుద్ధరింపబడినది, కీబోర్డుమీద మాత్రము కాలేదు. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమును అధ్యాసవిచారముతో ఆరంభించిరి: ఒకదానియందు మరియొకదాని బుద్ధి కలుగుట అధ్యాస. ముత్యపుచిప్ప వెండిగా తోచుటకు రెండింటి తళుకు ఒక్కటియగుట చాలును. గీతలకు ఆ మాత్రపు భేదమును లేదు. అన్నియు అడ్డముగా ఉండును, అన్నియు నల్లగా ఉండును. కన్ను మోసపోవుటకు ఇంతకంటె అనుకూలమైన చోటు ఏమున్నది?

ఆ మోసమునకు నేను లోబడిన సంగతి చెప్పుట ధర్మము. మొదటి పుస్తకమును ముగించి, ముద్రించి, పంచిపెట్టితిని. అందు తాతగారు పాఠమునకు ముందు శిష్యుడు చదివి రావలసిన భాగమును "ఛాందోగ్యము 6-8" అని నిర్దేశించియున్నారు. ఆరవ అధ్యాయము, ఎనిమిదవ ఖండము అని దాని అర్థము. మరియొకచోట, అదే ఉపదేశము ఎంతవరకు సాగినదో చెప్పుచు "8-16" అని వ్రాసిరి. ఎనిమిదవ ఖండము మొదలు పదునారవ ఖండమువరకు అని దాని అర్థము. నేను రెండుచోట్లను కీబోర్డుమీది ఉమ్మడి గీతనే కొట్టితిని. కొన్నినాళ్లకు మా తమ్ముని మనుమరాలు టెలిఫోను చేసి, "తాతయ్యా, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు అధ్యాయాలూ చదివాను. పాఠం మటుకు ఆరో అధ్యాయం దాటలేదేం?" అని అడిగినది. ఛాందోగ్యమునకు ఉన్నవి సరిగా ఎనిమిది అధ్యాయములు. కనుక ఆమె చేసికొనిన అర్థము ఎంతయు యుక్తము. ఉద్యోగము చేసికొనుచు, రాత్రివేళ నిద్ర మానుకొని, నారదుడు సనత్కుమారుని ఆశ్రయించిన కథయును, ఇంద్రవిరోచనులు ప్రజాపతికడ ఆత్మను వెదకిన కథయును ఆమె నెలదినములు చదివినది. ఆ చదువు వలన ఆమెకు మేలే కలిగినది. కాని ఆ మేలు నేను ఎరిగి చేసినది కాదు. గురువు చూపిన దారిలో ఆమెను నడిపింపవలసిన నేను, నా అజాగ్రత్త వలన మరియొక దారిని చూపితిని. ఆ దినము నాకు అన్నము సహింపలేదు.

అప్పటినుండి ఈ విద్యను నేర్చుకొంటిని. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో అంకెలఫలకము మీది మైనస్ కీని కంట్రోల్‌తో కలిపి నొక్కినచో ఎన్ డాష్ వచ్చును. కంట్రోల్, ఆల్ట్ రెండింటితోను కలిపి నొక్కినచో ఎమ్ డాష్ వచ్చును. కంట్రోల్, షిఫ్ట్‌లతో మామూలు హైఫన్ కీని నొక్కినచో విరగని హైఫన్ వచ్చును. ఇది ఉన్నచోట పంక్తి తెగదు, కావున 6-8-7 అను సూచిక రెండు పంక్తులమీదికి చీలిపోదు. మాటకును మాటకును నడుమ ఖాళీ విడిచి, హైఫన్ కొట్టి, మరల ఖాళీ విడిచినచో ఆ యంత్రము తనంతట తానే దానిని ఎన్ డాష్‌గా దిద్దును. ఖాళీ లేకుండ రెండు హైఫన్లను కొట్టినచో ఎమ్ డాష్‌గా దిద్దును. ఈ దిద్దుబాటును చూచి మొదట సంతోషించితిని. పిదప గ్రహించితిని: యంత్రము చూచునది ఖాళీలను మాత్రమే, ఉద్దేశమును కాదు. నా "8-16" నడుమ ఖాళీ లేదు కనుక దానిని అట్లే విడిచినది. వివేకము అను పనిని అది నా తరపున చేయజాలదు.

అమెరికాలో డోనాల్డ్ నూత్ అను గణితశాస్త్రజ్ఞుడు 1977లో తన గ్రంథపు రెండవ సంపుటము పునర్ముద్రణకై వచ్చిన ప్రూఫులను చూచి, అచ్చుయొక్క దుర్దశకు మనసు కలత చెంది, తన పరిశోధనను ప్రక్కనుంచి టెక్ అను అక్షరసంయోజనవ్యవస్థను నిర్మించుటకు పూనుకొనెను. అందు గీతను ఒకమారు కొట్టినచో హైఫన్, రెండుమారులు కొట్టినచో ఎన్ డాష్, మూడుమారులు కొట్టినచో ఎమ్ డాష్. ఇంత సుబోధమైన నియమము వేరొకటి నేను చూడలేదు. ఈయన భక్తుడైన క్రైస్తవుడు. బైబిలులోని గ్రంథములనుండి మూడవ అధ్యాయము పదునారవ వచనములను ఏరుకొని, వానిపై ధ్యానించి, ఒక పుస్తకము వ్రాసెను. దాని పేరులోనే "3:16" ఉన్నది. మన తెలుగు క్రైస్తవులు కూడ అధ్యాయమునకును వచనమునకును నడుమ ఆ రెండు చుక్కలనే ఉంచుదురు. నేను పడిన పొరపాటు వారికి రాదు. మంచి ఆచారము ఎవరిదైనను గ్రహింపదగినదే.

అయినను నా ప్రశ్న తీరలేదు. అంకెల నడుమ గీతకు అర్థము ఏదో ప్రకరణము చెప్పును. జీవబ్రహ్మముల నడుమ గీతకు అర్థము చెప్పవలసినది ఎవరు? ఈ ప్రశ్న మన దేశములో కంప్యూటరు పుట్టకముందు, అచ్చు రాకముందు, లిపి కూడ వేదమును తాకకముందు పుట్టినది. వేదము సంహితారూపమున ఒక్క ప్రవాహము. అందు పదమెక్కడ ముగిసి పదమెక్కడ ఆరంభమైనదో చెప్పుటకు పదపాఠము ఏర్పడినది. ఋగ్వేదమునకు పదకారుడు శాకల్యుడు. పాణిని ఆయన మతమును పేరెత్తి ఉదాహరించెను. శాకల్యుడు "పురోహిత" శబ్దమును విడదీసి, నడుమ అవగ్రహము ఉంచి, రెండు అవయవములను చూపెను. కాని రెండు పదములు అనలేదు, ఒక్క పదము అనెను. ఆ చిహ్నము విడదీయుచునే కలుపును. మన తెలుగునాట అధికముగా అధ్యయనము చేయబడుచున్న తైత్తిరీయశాఖకు పదకారుడు ఆత్రేయుడు. ఆయన పద్ధతి ఇంకను మనోహరమైనది. విడదీయదగిన పదమును ముందు కలిపి ఒకమారు చెప్పి, "ఇతి" అని, పిదప విడదీసి మరల చెప్పవలెను: "ప్రజావతీరితి ప్రజా-వతీః". కోనసీమలో వీథి అరుగుమీద కూర్చుండి ఈ పాఠమును వల్లించు బాలుడు, ఐక్యమును ఒక శ్వాసలోను భేదమును మరియొక శ్వాసలోను పలుకుచు, రెండింటికిని నడుమ "ఇతి" అను ఒక చిన్న వంతెనను దాటుచుండును. ఇప్పటి ముద్రితపుస్తకములలో ఆ విరామస్థానమున హైఫన్ గీతనే ఉంచుట కలదు. హైఫన్ అను గ్రీకుమాటకు ఒక్కటిగా అనియే అర్థము. ప్రాచీనగ్రీకులు రెండు మాటలను కలిపి చదువవలెనని తెలుపుటకు అక్షరముల క్రింద వంపుగీతను గీసెడివారు. ఒక దేశమున విడదీయుటకు ఉంచినదియు, మరియొక దేశమున కలుపుటకు ఉంచినదియు చివరకు ఒకే చోట, ఒకే రూపమున నిలిచినవి. ఇందుకు నేను ఆశ్చర్యపడను. విడదీయబడగలిగినది మాత్రమే కలుపబడగలదు.

ఇక తాతగారి పాఠమునకు మూలమైన వాక్యమును చూడుడు. పండ్రెండేండ్లు గురుకులమున చదివి, చదివితినను గర్వముతో ఇల్లు చేరిన శ్వేతకేతువునకు తండ్రి ఉద్దాలకుడు ఛాందోగ్యము ఆరవ అధ్యాయమున ఎనిమిదవ ఖండము మొదలు పదునారవ ఖండమువరకు తొమ్మిదిమారులు ఒకే వాక్యమును ఉపదేశించెను. "తత్త్వమసి" అని అద్వైతులు దానిని పఠింతురు. అది నీవే అని అర్థము. పదమూడవ శతాబ్దమున మధ్వాచార్యులు దాని ముందున్న "ఆత్మా" అను పదముతో సంధిని విడదీసి, "అతత్" అని పదచ్ఛేదము చేసిరి. అది నీవు కావు అని అర్థము. ఆకారముమీద అకారము వచ్చినపుడు ఆకారమే మిగులును కనుక వినికిడికి రెండును ఒక్కటియే. తాటియాకుమీద గంటముతో వ్రాసినను రెండును ఒక్కటియే. ఉద్దాలకుడు చూపిన తొమ్మిది దృష్టాంతములును, దారమునకు కట్టబడిన పక్షియు, సముద్రమున కలసిన నదులును మొదలగునవి, భేదమునే స్ఫురింపజేయుచున్నవని మాధ్వులు వాదింతురు. ఆ దృష్టాంతములే అభేదమునకు సాధకములని అద్వైతులు వాదింతురు. ఏడు శతాబ్దములుగా ఇంత పాండిత్యము, ఇంత తపస్సు, ఇంత ప్రేమ ఒక్క అకారము ఉన్నదా లేదా అను ప్రశ్నచుట్టును తిరిగినవి. ఆ అకారము లోపించిన చోట ఉంచు చిహ్నము, తెలుగున "ఽ" అను అవగ్రహము, యూనికోడ్‌లో మన లిపికి చేరినది 2008లో మాత్రమే.

తాటియాకుమీద మాటకును మాటకును నడుమ ఖాళీ లేదు. త్రాటి కొరకు చేసిన రంధ్రము చుట్టును ఖాళీ ఉండెను గాని దానికి అర్థము లేదు. మాట ఆ రంధ్రమునకు ఈవల సగమును, ఆవల సగమును నిలిచినను చదువరి తడబడలేదు. లేఖకుడు సంహితను సంహితగా వ్రాసి, తీర్పును గురుముఖమునకు విడిచెను. నేను కంప్యూటరుముందు కూర్చుండి ఖాళీ కీని ఒక్కమారు నొక్కినచో తీర్పు చెప్పినవాడనగుదును. "తత్ త్వమ్ అసి" అని విడదీసితినా, ఒక పక్షము వహించితిని. "అతత్" అని విడదీసితినా, మరియొక పక్షము. బొటనవ్రేలితో అలవోకగా నొక్కు ఆ పొడుగాటి కీకి ఇంతటి అధికారము ఉన్నదని తెలిసిన దినమునుండి ఉపనిషద్వాక్యములను టైపు చేయునపుడు నా బొటనవ్రేలు భయముతోనే కదలుచున్నది. మూలవాక్యమును ఖాళీ లేకుండ సంహితారూపముననే ఉంచితిని. పదచ్ఛేదమును తాతగారు ఎక్కడ చేసిరో అక్కడ మాత్రమే చేసితిని.

కలయిక అనునది ఏమి? తాతగారి మొదటి పుస్తకము తర్కముతో ఆరంభమైనది. ఆయన తర్కమును ఒక మాధ్వపండితునికడను, వేదాంతమును ఒక అద్వైతసన్న్యాసికడను అభ్యసించినవారు. అందు సంయోగవిభాగములను గురించి మూడు పుటలు కలవు. ఆంధ్రుడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు తర్కసంగ్రహమున వీనిని ఇరువదినాలుగు గుణములలో చేర్చెను. సంయోగము ఒక గుణము. ఆ సంయోగమును నశింపజేయు విభాగము మరియొక గుణము. కలిసినను కలియకున్నను ఇది దానికంటె వేరు అను వ్యవహారమునకు కారణమగు పృథక్త్వము ఇంకొక గుణము. డాష్‌ను ఎప్పుడు వాడవలెను, ఖాళీని ఎప్పుడు విడువవలెను అను ప్రశ్నకు ఇంతకంటె సూక్ష్మమైన సమాధానము నేను ఏ ముద్రణశాస్త్రములోను చూడలేదు: విభాగము జరుగుటకు ముందు కలయిక ఉండవలెను. నడచుచున్న వాక్యమునే విరువగలము; రెండు మాటల నడిమి ఖాళీ దేనిని విరువదు. మరియు సంయోగము తన ఆశ్రయమును అంతటను వ్యాపింపదు. చెట్టుకొమ్మమీద కోతి కూర్చున్నది. కొమ్మయందు చెట్టునకు కపిసంయోగము ఉన్నది, మూలమునందు అదే చెట్టునకు కపిసంయోగము లేదు. హైఫన్ కూడ అట్టిదే. అది ముందుమాట చివరి అక్షరమును, వెనుకమాట తొలి అక్షరమును మాత్రమే తాకును. మాటల లోతులకు దాని స్పర్శ చేరదు. సంయోగము కలుగు విధములను ప్రశస్తపాదుడు చెప్పెను: కదలని మోడుమీద డేగ వచ్చి వ్రాలునట్లు ఒకదాని కదలికచేతనే కలుగునది ఒకటి, ఇరువురు మల్లులు ఒకరినొకరు పట్టుకొనునట్లు రెండింటి కదలికచేతను కలుగునది ఒకటి, ముందున్న కలయికనుండి పుట్టునది ఇంకొకటి. తాతగారు డేగ ఉదాహరణము ప్రక్కన ఒక నిలువుగీత గీసికొనిరి. అప్పుడు దానిని నేను గమనించి ఊరకుంటిని.

సంయోగమునకు మించినది సమవాయము. వస్త్రమునకు నూలుతోడి సంబంధము, పండునకు ఎరుపుతోడి సంబంధము విడదీయరానివి. విడదీసినచో ఒకటి నశించును. మాటలలో దీనికి సాదృశ్యము సంధి. "మహేశ" అను మాటలో ఏకారము "మహా"దా, "ఈశ"దా? రెండు స్వరముల స్థానమున వచ్చిన ఆ ఒక్క స్వరమును ముందుపదమునకు అంతముగాను, తరువాతిపదమునకు ఆదిగాను భావింపవలెనని పాణిని ఆరవ అధ్యాయమున నియమించెను. ఒక అక్షరము ఇరువురి సొత్తు. అచ్చట ఏ గీతయు ఉంచుటకు వీలు లేదు. ఉంచినచో మాట చచ్చును. కాని శంకరులు ఇక్కడనే ప్రశ్నించిరి. రెండు వస్తువులను కలుపుటకు సమవాయము అను మూడవది కావలసినచో, ఆ మూడవది మొదటి రెండింటితో కలియుటకు నాలుగవది కావలెను, దానికి ఐదవది, ఈ పరుగునకు నిలుకడ లేదు. ఇంగ్లండులో బ్రాడ్లీ అను తత్త్వవేత్త 1893లో ఈ చిక్కునే తన దారిలో తాను చేరెను. హైఫన్ గీత రెండు మాటలను కలుపునన్నచో, హైఫన్‌ను మాటతో కలుపునది ఏమి? దాని కిరుప్రక్కల ఖాళీ లేకపోవుటయే అందుము. అనగా కలుపునది గీత కాదు, గీతకును మాటకును నడుమ ఏమియు లేకపోవుట. ఈ సమాధానము నాకు మొదట మాటల గారడిగా తోచినది. దినములు గడచిన కొలది ఇది సత్యమని నమ్ముచున్నాను. రామానుజాచార్యులు జీవుడు బ్రహ్మమునకు అపృథక్సిద్ధుడు అనిరి. అనగా వేరుగా సిద్ధింపనివాడు. వారును ఆ సంబంధమును ఒక మూడవ వస్తువుగా నడుమ నిలుపలేదు.

నమ్ముటకు కారణము నా తెలుగు టైపింగులోనే దొరకినది. "రాజ్‌కుమార్" అని వ్రాయబోయి "రాజ్కుమార్" అని వచ్చుటను తెలుగు టైపు చేయు ప్రతివాడును చూచియుండును. హల్లు తరువాత హల్లు వచ్చినచో మన లిపి వానిని ఒత్తుగా పెనవేయును. అది దాని స్వభావము. ఆ పెనవేతను ఆపుటకు నడుమ జీరో విడ్త్ నాన్ జాయినర్ అను ఒక సంకేతమును ఉంచవలెను. దానికి వెడల్పు లేదు, రూపము లేదు, ముద్రించిన కాగితముమీద దాని జాడ లేదు. కార్యమునుబట్టి ఊహింపవలసినదే గాని చూడదగినది కాదు. మరియు వర్డ్‌లో కంట్రోల్‌తో హైఫన్ కీని నొక్కినచో వచ్చు ఐచ్ఛికహైఫన్ పంక్తి నడుమ ఉన్నంతకాలము అవ్యక్తమై ఉండి, మాట పంక్తి చివర విరుగవలసిన సందర్భము వచ్చినపుడు వ్యక్తమగును. కార్యము పుట్టకముందే కారణమున ఉన్నదని సాంఖ్యులు ఎందుకు పట్టుపట్టిరో దీనిని చూచువాడు కొంత ఓర్పుతో వినును. కలుపుటయు విడదీయుటయు కనబడు గీతలకంటె కనబడనివానిచేతనే ఎక్కువగా జరుగుచున్నవి.

ఇంత తిరిగి మరల మూడవ పుస్తకమునకు వచ్చితిని. హైఫన్ ఉంచి చూచితిని: జీవబ్రహ్మములు ఒక్క సమాసమై, తాతగారు అద్వైతసిద్ధాంతమును తేల్చి చెప్పినట్లైనది. ఇరుప్రక్కల ఖాళీ విడిచి ఎమ్ డాష్ ఉంచి చూచితిని: నడుమ అగాధము ఏర్పడినది, ఆయన తర్కగురువు మాట గెలిచినది. ఎన్ డాష్ ఉంచితిని: జీవుడును బ్రహ్మమును సమానస్థాయి గల ఇరువురు పొరుగువారివలె నిలిచిరి, దీనిని ఏ ఆచార్యుడును ఒప్పడు. చివరకు ఆ పుటను స్కానరుమీద ఉంచి, చిత్రమును తెరమీద పెద్దదిగా చేసి చూచితిని. గీత "జీవ" శబ్దపు వకారమును తాకుచు ఆరంభమైనది. అక్కడ సిరా చిక్కగా ఉన్నది. కుడివైపునకు పోవుచు సన్నగిల్లి, "బ్రహ్మ" శబ్దమును చేరుటకు వెండ్రుకవాసి ముందే ఆగిపోయినది. అప్పుడు మొదటి పుస్తకములోని నిలువుగీత జ్ఞప్తికి వచ్చినది. మోడు కదలదు, డేగయే కదలును.

ఆయన అది తలచి గీసిరో, కలములో సిరా అయిపోయినదో చెప్పుటకు ఇప్పుడు ఎవరును లేరు. ఒక కొనతో తాకి మరియొక కొనతో తాకని గీత కీబోర్డుమీద లేదు. యూనికోడ్ పట్టికలో వెదకితిని, అందును కనబడలేదు. ఆ రెండు మాటల నడిమి భాగమును చిత్రమునుండి కత్తిరించి, అక్షరముల ఎత్తునకు సరిపోవునట్లు తగ్గించి, వాక్యములో ఆ చోటనే అతికించితిని. ఆ పుటలో తక్కిన అక్షరములన్నియు నేను టైపు చేసినవి. ఆ ఒక్క గీత సిరాది.